అంకెకి మూడు నామాలు

మురహరికి ఆ రోజు కావలసింది ఒక్క సంతకం. పెట్టవలసిన పరాంకుశం మాస్టారేమో పొద్దుటి నుంచీ ఆ కాగితం ముట్టుకోకుండా, కిటికీ దగ్గర కూచుని ఉడకబెట్టిన వేరుశనక్కాయలు వొలుచుకు తింటున్నారు.

"డైరెక్టర్లు సాయంత్రంలోగా పంపమంటున్నారు మాస్టారూ."

"చదివి వినిపించు."

మురహరి చదివాడు. ఉన్నది నాలుగు వాక్యాలే. ఫిజియోథెరపిస్టు చెప్పినదానికి విరుద్ధంగా రోగి చేతిని బలంగా ముందుకు నెట్టింది. రోబో ఆ బలాన్ని అనుసరించి కదిలింది. రోగి భుజం కీలు తప్పింది. యంత్రంలో గానీ, సాఫ్ట్‌వేర్‌లో గానీ లోపమేమీ లేదు.

"రోగికి పేరు లేదా?"

మురహరి ఫోను తీసి వెతుక్కున్నాడు. "అప్పలకొండ."

"ముందుకు నెట్టిందని నీకెవరు చెప్పారు?"

"యంత్రమే చెప్పింది. రోగి చేత్తో పట్టుకునే పిడిలో సెన్సార్ ఉందిగా. ఆ క్షణంలో చెయ్యి ఎంత బలంగా ఎటు తోసిందో అన్నీ రాసిపెట్టుకుంది. నేను ఆస్పత్రికి వెళ్ళి స్వయంగా తెచ్చుకున్నాను, వాళ్ళకీ అదే చెప్పాను. అంకెలు అబద్ధం చెప్పవు మాస్టారూ."

మాస్టారు ఇంకో కాయ వొలిచారు. గింజలు పుచ్చిపోయి ఉంటే పక్కన పడేశారు.

ఇక్కడ కాస్త వెనక్కి వెళ్ళాలి. లేకపోతే మురహరి మరీ దుర్మార్గుడిలా కనిపిస్తాడు. దుర్మార్గుడు కాదు, తెలివైనవాడు. లోకంలో సగం చేటు తెలివైనవాళ్ళ వల్లే జరుగుతుందని పరాంకుశం మాస్టారు అంటూండేవారు గానీ, ఆయనా తెలివైనవాళ్ళ జాబితాలోనివాడే కాబట్టి ఆ మాట ఎంతవరకు నమ్మాలో మనిష్టం.

విశాఖపట్నంలో ఒక కొండవాలున ఉన్న ఆ చిన్న కంపెనీ తయారు చేసేది ఒకటే యంత్రం. పక్షవాతం వచ్చినవాళ్ళ చేతికి కసరత్తు చేయించే రోబో. రోగి చేతిని పిడికి పట్టీతో కడతారు. ఆ చేతిలో మిగిలిన పిసరంత బలం ఎటు పోతోందో పిడిలోని సెన్సార్ కనిపెడుతుంది. రోబో అటు వైపే కాస్త సాయం పడుతుంది. నడక నేర్చుకునే పిల్లకి తల్లి వేలు అందించినట్టు, అంతే. చచ్చుబడిన చేతులు దానితో మెల్లగా తేరుకుంటున్నాయి.

ప్రోగ్రాము రాసి ఆ రోబోకి బుద్ధి నేర్పింది పరాంకుశం మాస్టారు. జీవితమంతా కాలేజీలో మెకానిక్స్ పాఠం చెప్పి, రిటైరయ్యాక ఇక్కడ చేరారు. నుదుట నామాలు లేకుండా ఆయన్ని ఎవరూ చూసి ఎరగరు. ప్రోగ్రాము రాయడంలో ఆయనకొక చాదస్తం ఉంది. 'బలం' అనే మాట ఒంటరిగా రాస్తే ఒప్పుకోరు. బలమైతే ఎవరు తోశారు, ఎవరి మీద, ఎక్కడ నిలబడి చూస్తే? మూడూ ఆ అంకె పేరులోనే ఉండాలి.

"బస్సులో కూచున్నవాడికి చెట్లు వెనక్కి పరిగెడతాయి. చెట్టు కింద నిలబడ్డవాడికి బస్సు ముందుకు పరిగెడుతుంది. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఎక్కడి నుంచి చూశారో రాయకపోతేనే ఇద్దరూ అబద్ధాలకోరులవుతారు," అనేవారు. కొత్తగా చేరినవాళ్ళకి ఆయన చెప్పే పాఠం అదొక్కటే. ఆ తర్వాత తప్పు చేసిన ప్రతిసారీ వెనకనుంచి వచ్చి, "ఎవరు? ఎవరి మీద? ఎక్కడి నుంచి?" అని అడిగి వెళ్ళిపోయేవారు.

కుర్రకారు దీనికి 'మాస్టారి మూడు నామాలు' అని పేరు పెట్టారు. అంకెకి నామాలు పెట్టందే గడప దాటనివ్వరు అని నవ్వుకునేవారు. అందరికన్నా ఎక్కువ నవ్వినవాడు మురహరి. అందరికన్నా బాగా నేర్చుకున్నవాడూ మురహరే. మాస్టారికి పిల్లలు లేరు. ఆ లోటు మురహరితో తీరిందని ఆఫీసులో అనుకునేవారు.

బాగా నేర్చుకున్నవాడికే విసుగు కూడా ముందు పుడుతుంది. పాత ప్రోగ్రాములో పేర్లు గూడ్సు బండిలా ఉండేవి. చెయ్యి, పిడి మీద, పిడి నుంచి చూసిన, బలం. మురహరికి ఆ పేర్లు చూస్తే ఒళ్ళు మండేది. ఉన్నది ఒక్క చెయ్యి, ఒక్క పిడి. ఎవరు తోశారో ఎవరి మీద తోశారో చంటిపిల్లలకి కూడా తెలుసు. కూచుని అన్నీ కొట్టేశాడు. 'బలం' అని మాత్రం ఉంచాడు. పిడిని మామూలుగా బిగించారా, తిరగేసి బిగించారా అని యంత్రం ప్రతిసారీ అడిగే ప్రశ్న ఒకటుండేది. దాదాపు ఎప్పుడూ ఒకేలా బిగిస్తుంటే అడగడం దేనికని అదీ తీసేశాడు.

ప్రోగ్రాము సగానికి సగం తగ్గింది. రోబో ఇదివరకటికన్నా చురుగ్గా కదిలింది. డైరెక్టర్లు పొంగిపోయి, మాస్టారి తర్వాత ఆ కుర్చీ నీదేనని మురహరికి మాటిచ్చారు. మాస్టారు కూడా చూసి, "బావుంది" అని సంతకం పెట్టారు. అప్పటికి ఆయనకి ఒంట్లో బాగుండటం లేదు. శిష్యుడు తనని మించిపోతే ఏ గురువుకైనా ముచ్చటగానే ఉంటుంది. ఆ ముచ్చటలో మూడు నామాలూ ఆయనకే గుర్తు రాలేదు.

ఇదంతా అప్పలకొండ వచ్చి ఆ రోబో ముందు కూర్చోకముందు మాట.

"ఆమెని అడిగావా?" అన్నారు మాస్టారు.

"ఎవర్ని?"

"అప్పలకొండని."

"ఆవిడకి మాట పడిపోయింది మాస్టారూ. పక్షవాతంతో చెయ్యితోబాటే పోయింది. ఏమడిగినా ఊ ఊ అంటుంది, ఏడుస్తుంది. అందుకే యంత్రాన్ని అడగాల్సొచ్చింది."

"మంచిపని చేశావు. మాటొచ్చిన సాక్షి దొరికింది."

ఆ మాటలోని ఎత్తిపొడుపు మురహరికి తగిలింది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం కాదతను. నాలుగో కాలు చూపిస్తే ఒప్పుకుంటాడు. కానీ కుందేలుని ముందు తన చేతిలోంచి తీసుకోనివ్వడు.

"మాస్టారూ, తప్పు మనదని తేలితే ఈ యంత్రం ఇక ఏ ఆస్పత్రి గడపా తొక్కదు. ఎంతమంది చేతులు ఆగిపోతాయో ఆలోచించండి. ఒక్క మనిషి మొండితనానికి..."

మాస్టారు లేచారు. ఒళ్ళో పడిన పొట్టు దులుపుకున్నారు. "రా," అన్నారు.

పక్క గదిలో పరీక్షలు చేసుకునే రోబో ఉంది. దాని ముందు రోగి కూచునే కుర్చీ. మాస్టారు కుర్చీ చూపించారు. మురహరి కూచున్నాడు. ఆయన జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి, పిడి ఊడదీసి, వెనక్కి తిప్పి, మళ్ళీ బిగించారు. వయసు మళ్ళిన వేళ్ళు, కాస్త ఆలస్యమైంది.

"అదేంటి, తిరగేశారు?"

"ఆస్పత్రికి ఫోన్ చేశాను. ఆవిడ వేళ్ళు పిడికిలి పడి బిగుసుకుపోయాయట. అలాంటివాళ్ళకి పిడి ఇలా బిగించమని మనమే చెప్పాం కదా. అక్కడి ఫిజియోథెరపీ అమ్మాయి అలాగే బిగించిందట."

మురహరి బుర్ర చురుకైనదే. కళ్ళు చిట్లించి ఏదో అందుకోబోయాడు. అది చేతికందేలోపు మాస్టారు అతని కుడి చేతిని పిడి మీద పెట్టి పట్టీ బిగించేశారు. వేగం అన్నిటికన్నా తక్కువలో పెట్టారు. యంత్రాన్ని ఆపే ఎర్ర బటన్ చేతిలోకి తీసుకుని, మురహరికి కనిపించని వైపు తిరిగి ఉన్న స్క్రీను దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు.

"చెయ్యి గుండెకేసి తెచ్చుకో."

మురహరి చెయ్యి దగ్గరికి తీసుకోబోయాడు. పిడి దూరంగా జరిగింది. అతను ఇంకాస్త బలం పెట్టాడు. పిడి ఇంకాస్త వేగంగా జరిగింది. మోచెయ్యి చాచుకుపోయింది.

"మాస్టారూ, ఇది ముందుకి పోతోంది."

"నువ్వు నెడుతున్నావు కదా, అందుకని."

"నేను నెట్టడం లేదు. లాక్కుంటున్నాను!"

"ఇక్కడ నెడుతున్నావనే ఉంది."

మురహరి పాదాలు నేలకి తన్నిపెట్టి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి వెనక్కి లాగాడు. రోబోకి అది ఇంకా పెద్ద సైగలా అందింది. భుజం ముందుకి సాగింది. చంకలో ఎక్కడో నరం చురుక్కుమంది.

"ఆపండి మాస్టారూ!"

"ఇంకా గట్టిగా ఎందుకు నెడుతున్నావు మురహరీ? అంకె పెరిగిపోతోంది." గొంతులో కోపం లేదు. ఆస్పత్రిలో కాగితం నింపేవాళ్ళు అడిగినట్టు అడిగారు.

"నిజంగా... నేను..."

ఆ తర్వాత మాట రాలేదు. ఊ, ఊ అనే శబ్దం ఒకటి వచ్చింది. అది తన నోట్లోంచే వస్తోందని అతనికి ఒక క్షణం ఆలస్యంగా తెలిసింది.

మాస్టారు బటన్ నొక్కారు.

మాస్టారు వచ్చి పట్టీ విప్పారు. ఎర్రగా పడిన అచ్చుని బొటనవేలితో ఒకసారి నిమిరారు. కిటికీ దగ్గరికి పోయి తన కుర్చీలో కూచున్నారు. వేరుశనక్కాయలు మాత్రం మళ్ళీ ముట్టుకోలేదు.

మురహరి తన బల్ల దగ్గర కూలబడ్డాడు. జరిగిందంతా ఇప్పుడు అద్దంలోలా కనిపిస్తోంది. పిడి తిరగేస్తే సెన్సార్ చూసే వైపు తిరిగిపోతుంది. ముందు వెనకవుతుంది. పాత ప్రోగ్రాముకి ఆ సంగతి తెలుసు, ఎందుకంటే అడిగి తెలుసుకునేది. తనది అడగదు. అప్పలకొండ చెయ్యి గుండెకేసి లాక్కుంది. తన ప్రోగ్రాము దాన్ని ముందుకు నెట్టడమని చదువుకుంది, ముందుకు లాగింది. ఆమె భయపడి ఇంకా లాక్కుంది. ఎంత గట్టిగా తప్పించుకోవాలని చూసిందో, తన నేరానికి అంత గట్టి సాక్ష్యం తానే రాసిచ్చుకుంది. అసలే పడిపోయిన చెయ్యి, దాని మీద ఇది. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే.

మధ్యాహ్నానికల్లా పాత ప్రశ్న మళ్ళీ పెట్టాడు. గూడ్సు బండి పేర్లు మళ్ళీ తగిలించాడు. పిడి రెండు విధాలా బిగించి చూశాడు, రోబో బుద్ధిగా నడిచింది. చేతులు కాలాక పట్టుకున్న ఆకులైనా, ఆకులు మంచివే. రిపోర్టు కూడా మార్చి తెచ్చి మాస్టారి ముందు పెట్టాడు.

"పిడి తిరగేసి బిగించిన సందర్భంలో బలం దిశ తప్పుగా నమోదైనట్టు గుర్తించడమైనది. లోపం సరిచేయబడినది."

మాస్టారు కళ్ళజోడు పెట్టుకుని చదివారు. వెనక్కి తిప్పి చూశారు, ఆ వైపేమైనా ఉందేమోనని.

"ఇందులో మనుషులెవరూ లేరేంటి?"

"అంటే?"

"నమోదైంది. గుర్తించడమైనది. సరిచేయబడినది. అన్నీ వాటంతటవే జరిగిపోయాయి. మూడు నామాల్లో ఒక్కటీ లేదు."

"ఇది ప్రోగ్రాము కాదు మాస్టారూ, రిపోర్టు." మురహరి గొంతు తగ్గించాడు. "నా పేరు రాస్తే ఇక్కడ నా పని అయిపోతుంది. డైరెక్టర్లు ఊరుకోరు. ఈ రంగంలో ఇంకెవరూ పిలవరు కూడా."

"అవును," అన్నారు మాస్టారు.

ఆ తర్వాత ఇంకేదైనా అంటారేమోనని మురహరి ఎదురుచూశాడు. నేనున్నానని గానీ, అన్నీ సర్దుకుంటాయని గానీ. ఆయన చెప్పులు వేసుకుంటున్నారు.

"ఆ కాగితం తీసుకురా. తెల్లకాగితం కూడా ఒకటి తెచ్చుకో."

అప్పలకొండ వాళ్ళిల్లు జ్ఞానాపురంలో. ఆటోలో దారి పొడుగునా మురహరి ఫోను మోగుతూనే ఉంది. డైరెక్టరు. ఒకసారి ఎత్తి, "పంపిస్తాను సార్, సంతకం అవుతోంది," అన్నాడు. రెండోసారి ఎత్తలేదు. మాస్టారు రోడ్డు చూస్తూ కూచున్నారు. ఎండకి ఆయన నుదుట నామాలు చెమరుస్తున్నాయి.

ఇల్లంటే ఒక గది, ముందు చిన్న అరుగు. అరుగు మీద అప్పలకొండ భర్త సన్యాసిరావు కూచుని ఉన్నాడు. మార్కెట్లో కూరగాయల బస్తాలు దించే మనిషి. మధ్యాహ్నం లోడు దింపి అప్పుడే వచ్చినట్టున్నాడు, భుజాన తువ్వాలు ఇంకా తడిగానే ఉంది. వచ్చినవాళ్ళు రోబో కంపెనీ వాళ్ళని తెలియగానే లేచి నిలబడ్డాడు. తిడతాడేమోనని మురహరి అనుకున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

"తప్పైపోనాది బాబూ," అన్నాడు సన్యాసిరావు చేతులు జోడించి. "మీ మిషను పాడైపోలేదు కదా? దీనికి మొదట్నించీ మొండితనవే. ఆస్పత్రోల్లు సెప్పినారు. అమ్మాయిగారు సెప్పినట్టు ఇనకుండా నెట్టేసినాదంట. ఇంక కసరత్తుకి తేవొద్దనేసినారు."

మురహరి చెప్పులు విప్పి అరుగెక్కాడు.

"సెయ్యొచ్చేస్తాదన్నారు బాబూ, మొదట్ల. మల్లీ దాని పని అది సేసుకుంతాదనుకున్నాను. ఇప్పుడు బుజం కూడా పోనాది, ఇంక రాదంతన్నారు. సేతులారా సేసుకుంది. ఎవుల్ని ఏటంతాం?"

లోపల గోడవార మంచం మీద అప్పలకొండ కూచుని ఉంది. కుడి చెయ్యి మెడకి కట్టిన గుడ్డలో వేలాడుతోంది. నలభై దాటి ఉండవు. మనుషులు లోపలికి వచ్చినా తల తిప్పలేదు, ఎదురుగోడకేసే చూస్తోంది. సన్యాసిరావు ప్లాస్టిక్ ముక్కాలిపీట తెచ్చి ఆమెకి ఎదురుగా వేశాడు. మురహరి కూచున్నాడు. మాస్టారు గుమ్మంలోనే నిలబడిపోయారు.

"సన్యాసిరావు గారూ, ఆవిడ నెట్టలేదు."

"నెట్టకపోతే మరేటి?"

"వెనక్కి లాక్కుంది. చెయ్యి వెనక్కి తీసుకోవాలని చూసింది. మిషనే ముందుకి లాగేసింది. ఆవిడ ఎంత లాక్కుంటే అది అంత లాగింది. తప్పు మిషనుది."

"ఎవరిది?" అన్నారు గుమ్మంలోంచి మాస్టారు.

మురహరి సన్యాసిరావుకేసి తిరిగాడు.

"నాది. మిషనుకి అలా నేర్పింది నేను. నెట్టిందని ఆస్పత్రివాళ్ళకి చెప్పింది కూడా నేనే."

సన్యాసిరావుకి ఆ మాట ఒక్కసారిగా ఎక్కలేదు. మొదట మురహరిని చూశాడు, తర్వాత పెళ్ళాన్ని చూశాడు.

"యెనక్కి లాక్కున్నావేటే?"

అప్పలకొండ తల ఊపలేదు. తల ఊపీ ఊపీ ఆమె ఎప్పుడో అలిసిపోయింది. ఎడమ చెయ్యి చాచి మురహరి మణికట్టు పట్టుకుంది. పట్టుకుని తన గుండెకేసి లాగింది. ఆ లాగుడికి ముక్కాలిపీట గచ్చు మీద కీచుమని జరిగింది. అలా పట్టుకుని అతని కళ్ళలోకి చూసింది. ఆ రోజు నుంచీ ఆమె చెప్పాలనుకున్నది ఇంతే. దానికి కావలసింది ఎదురుగా ఒక చెయ్యి. ఇన్నాళ్ళూ వచ్చినవాళ్ళంతా ప్రశ్నలు తెచ్చారు గానీ, ఆమెకి అందేలా చెయ్యి చాచినవాడు లేడు. ఇప్పుడు కూడా మురహరి చాచింది కాదు, తనే లాక్కుంది.

"క్షమించమ్మా," అన్నాడు మురహరి.

ఆమె చెయ్యి వదిలేసింది. మొహం మళ్ళీ ఎదురుగోడకి తిప్పుకుంది. క్షమించిందని గానీ లేదని గానీ అందులో ఏమీ లేదు.

సన్యాసిరావు గోడకి చేరబడి కిందకి జారి కూచున్నాడు.

"నానెన్ని మాటలన్నాను బాబూ. ఈదిలో అందరి ముందరా అన్నాను. కంచం ముందరెట్టి అన్నాను. నీ మొండితనం మన బతుకు కూల్చేసినాదని. ఎవుల మీద కోపవో దీని మీద సూపించినాను. ఇది తలొంచుకుని తినీది." తువ్వాలుతో మొహం తుడుచుకోబోయి, అది కూరగాయల మట్టితో ఉందని చూసి మానేశాడు. "మిషను సరిసేసీసినామంతారు మీరు. మంచిదే. ఆ మాటలు యెనక్కి లాగీ మిషనేదైనా ఉందేటి మీకాడ?"

మురహరి తల తిప్పి గుమ్మం వైపు చూశాడు. మాస్టారు అప్పలకొండ మెడకి కట్టిన గుడ్డకేసి చూస్తున్నారు.

జేబులోని ఫోను మళ్ళీ మోగింది. మోగి మోగి ఆగిపోయింది. మురహరి తను రాసి తెచ్చిన కాగితం మడిచి లోపల పెట్టేసి, తెల్లకాగితం మోకాలి మీద పరిచాడు. ఒక్కసారి కలం పట్టుకుంటే దాని మీద ఏం రాయాలో అతనికి తెలుసు. ఏం పోతుందో కూడా తెలుసు. చదువు, పేరు, ఆ కుర్చీ. వాటి మీద ఆశ ఇంకా చావలేదు, అదే అతనికి అన్నిటికన్నా చేదుగా ఉంది.

ఎవరు. తన పేరు రాశాడు.

మాస్టారు గుమ్మం దాటి లోపలికొచ్చారు. కలం ఇమ్మన్నట్టు చెయ్యి చాపారు. మురహరి పేరుకి పైన, వంకర అక్షరాలతో తన పేరు రాశారు. ఆ పొట్టి పేర్ల ప్రోగ్రాము బావుందని సంతకం పెట్టిన చెయ్యి అదే. రాసి, కలం తిరిగి ఇచ్చేశారు.

ఎవరి మీద. "ఇంటిపేరేంటండీ?" అని అడిగాడు మురహరి. సన్యాసిరావు చెప్పాడు. రోగి అనే మాట లేకుండా, బోని అప్పలకొండ అని పూర్తిగా రాశాడు.

ఎక్కడి నుంచి.

అక్కడ కలం ఆగింది. పిడి నుంచి అని రాయబోయాడు. సెన్సార్ నుంచి అని రాయబోయాడు. రెండూ రాయలేదు. తలెత్తి మాస్టారిని చూశాడు. ఆయన అతన్ని చూడటం లేదు.

మురహరి లేచాడు. ముక్కాలిపీట చేత్తో పట్టుకుని, మంచం చుట్టూ తిరిగి వెళ్ళి, అప్పలకొండ పక్కన వేశాడు. ఆమె ఎటు చూస్తోందో అటే మొహం పెట్టి కూచున్నాడు.

ఎదురుగోడకి ఆనించి ఒక కుట్టుమిషను ఉంది. ఇంతసేపూ తను దానికి వీపు పెట్టుకుని కూచున్నాడు. చక్రం మీద దుమ్ము పేరుకుంది. సూది కింద ఎర్ర జాకెట్టు చెయ్యి ఒకటి సగం కుట్టి అలాగే ఉంది. దారం ఇంకా తెంచలేదు.

"రాయి," అన్నారు మాస్టారు.

మురహరి చాలాసేపు రాయలేకపోయాడు.